పని మీద వచ్చిన మనిషి

మనం కట్టే ప్రతి సిస్టమ్‌లోనూ హార్ట్‌బీట్ అని ఒకటి పెడతాం. ఒక సర్వరు ఇంకో సర్వరుకి ప్రతి ముప్ఫై సెకన్లకోసారి "నేను బతికే ఉన్నాను" అని ఒక చిన్న మెసేజి పంపిస్తూ ఉంటుంది. వరసగా మూడు మెసేజిలు రాకపోతే అలారం మోగుతుంది. అర్ధరాత్రి రెండైనా సరే, ఆన్‌కాల్‌లో ఉన్నవాడు లేచి లాప్‌టాప్ తెరవాల్సిందే. ఎక్కడో ఒరెగాన్‌లోనో ఐర్లండ్‌లోనో ఉన్న మెషీను కోసం ఇంత ఏర్పాటు. ఆ అలారం అందుకుని లేచేవాడు ఉండేది పుప్పాలగూడలో. అదే పుప్పాలగూడలో, అదే టవర్లో, ఇంకో పది అంతస్తులు పైన ఒంటరిగా ఉంటున్న డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషికి మాత్రం అలాంటిదేమీ లేదు.

దీని మీద సెంటిమెంటు రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. పిల్లలు అమెరికా వెళ్ళిపోయారు, విలువలు పోయాయి, ఉమ్మడి కుటుంబాలు పోయాయి అని. ఆ దారిలో వెళ్ళడం నాకు ఇష్టం లేదు. నాది చాలా మామూలు ప్రశ్న. విడిగా ఉంటున్న పెద్దవాళ్ళ ఇంటికి వెళ్ళి, ఎలా ఉన్నారో చూసి వచ్చే పని మన దగ్గర ఇంతకు ముందు ఎవరు చేసేవాళ్ళు? ఆ మనిషి ఎప్పుడు, ఎందుకు రావడం మానేశాడు?

ఉమ్మడి కుటుంబం అనేది రెడీమేడ్ జవాబు. కానీ అది సగం జవాబే. కొడుకు భిలాయిలోనో, రూర్కెలాలోనో, బొంబాయిలోనో, మిలటరీలోనో ఉంటే ఊళ్ళో తల్లీతండ్రీ ఇద్దరే ఉండటం కొత్త సంగతేం కాదు. అరవైల్లో డెబ్భైల్లో కూడా అలాంటి ఇళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండేవి. వాళ్ళు విడిగా ఉన్నారు, కానీ ఎవరికీ పట్టకుండా లేరు. ఎందుకంటే ఆ ఇంటికి రోజూ ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. పరామర్శకి కాదు, పని మీద. ఈ "పని మీద" అన్న రెండు మాటలే నా ఈ వ్యాసమంతా.

మొదట మనీఆర్డరు సంగతి చూద్దాం. మన దేశంలో పోస్టాఫీసు మనీఆర్డరు 1880లో మొదలైంది. ఒక ప్రోటోకాల్‌గా దాన్ని చూస్తే ఎంత బాగా డిజైన్ చేశారో అనిపిస్తుంది. కొడుకు భిలాయిలో డబ్బు కట్టి ఫారం నింపుతాడు. ఫారంలోనే చిన్న కూపన్ ఉంటుంది, దాని మీద నాలుగు ముక్కలు రాసుకోవచ్చు. పోస్ట్‌మాన్ డబ్బు పట్టుకుని ఇంటికి వస్తాడు. డబ్బు అందుకున్నవాళ్ళు సంతకం పెట్టాలి, సంతకం రానివాళ్ళు వేలిముద్ర వెయ్యాలి, దానికి పక్కనున్నవాళ్ళెవరో సాక్షి. ఆ సంతకం ఉన్న రసీదు ముక్క తిరిగి భిలాయికి వెళ్తుంది. అంటే కొడుకు చేతికి నెలకోసారి తల్లి సంతకమో వేలిముద్రో వచ్చేది. మన భాషలో చెప్పాలంటే అది అక్నాలెడ్జ్‌మెంట్ ప్యాకెట్. సంతకం వంకర పోతే చెయ్యి వణుకుతోందని తెలిసేది. ఎప్పుడూ సంతకం పెట్టే మనిషి వేలిముద్ర వేస్తే చూపు తగ్గిందేమోనని అనుమానం వచ్చేది. ఫారం వెనక్కి వచ్చేస్తే ఇంక చెప్పక్కర్లేదు, వెంటనే రైలెక్కడమే.

ఇదంతా ఎవరూ "వృద్ధుల సంక్షేమ పథకం" అని పెట్టింది కాదు. డబ్బు సరిగ్గా చేరిందా లేదా అన్న ఆడిట్ కోసం పెట్టింది. కానీ దాని వెంటే ఒక మనిషి నెలకోసారి గుమ్మం ముందుకొచ్చి, పేరు పెట్టి పిలిచి, మొహం చూసి, రెండు మాటలు మాట్లాడి వెళ్ళేవాడు. ఉత్తరం చదివి పెట్టమంటే చదివేవాడు, జవాబు రాయమంటే రాసేవాడు. అతని డ్యూటీ చార్టులో "పెద్దావిడ ఎలా ఉందో చూడవలెను" అని ఎక్కడా లేదు. అయినా చూసేవాడు. చూడకుండా డబ్బివ్వడం కుదరదు కాబట్టి.

పోస్ట్‌మాన్ ఒక్కడే కాదు. పాలు పోసే మనిషి, చాకలి, కూరగాయల గంప, కరెంటు రీడింగు తీసేవాడు, నీళ్ళు తెచ్చేవాడు. అందరివీ వేరే పనులే, అందరూ మనిషిని చూసేవాళ్ళే. ఈ ఏర్పాటులో ఉన్న అన్యాయాన్ని నేను మర్చిపోవట్లేదు. గుమ్మం దగ్గరే నిలబడాల్సిన మనుషులు వాళ్ళలో చాలామంది. అయినా ఒకరోజు తలుపు తియ్యకపోతే మొదట గమనించింది వాళ్ళే.

ఇప్పుడు ఆ పనులన్నీ ఏమయ్యాయో ఒక్కొక్కటిగా చూడండి. 2015 ఏప్రిల్‌లో పాత పద్ధతి మనీఆర్డరుని తపాలా శాఖ ఆపేసింది, ఎలక్ట్రానిక్ మనీఆర్డరు మిగిలింది. అప్పటికే అందరూ బ్యాంకు ట్రాన్స్‌ఫర్లకి మారిపోయారు. కరెంటు బిల్లు ఫోన్లో కట్టేస్తున్నాం. పాల ప్యాకెట్టు తెల్లవారుజామున తలుపు హ్యాండిల్‌కి తగిలించిన సంచిలో పడుతుంది, తెచ్చినవాడు బెల్లు కొట్టకూడదని మనమే యాప్‌లో టిక్ పెట్టాం. మందులు సెక్యూరిటీ దగ్గర వదిలేసి వెళ్తారు. ఒక్కో ఫీచరూ మంచిదే. ఇందులో కొన్ని నేను చేసే ఉద్యోగం లాంటి ఉద్యోగాల్లోంచే వచ్చాయి కాబట్టి వాటిని తిట్టడం నాకు బాగుండదు కూడా :) కానీ అన్నీ కలిపి చూస్తే తేలింది ఒకటే. పని ఉండిపోయింది, మనిషి తీసెయ్యబడ్డాడు. ఆ మనిషితో పాటు ఉచితంగా వచ్చే "చూడటం" అనే సైడ్ ఎఫెక్టు కూడా పోయింది. అది స్పెసిఫికేషన్‌లో ఎక్కడా రాసి లేదు కాబట్టి, పోయిందని ఎవరూ బగ్ రిపోర్టు చెయ్యలేదు.

ప్రభుత్వం ఈ సంగతి గమనించలేదా అంటే, కాగితం మీద బాగానే గమనించింది. 1999లో వచ్చిన జాతీయ వృద్ధుల విధానంలోనే, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ మీద పోలీసులు స్నేహపూర్వకంగా ఒక కన్నేసి ఉంచాలని రాశారు. 2004లో ఢిల్లీ పోలీసులు సీనియర్ సిటిజన్ల కోసం ప్రత్యేకంగా ఒక సెల్ పెట్టారు, బీటు కానిస్టేబుళ్ళు ఇళ్ళకి వెళ్ళి చూసి రావడం దాని పనుల్లో ఒకటి. తర్వాత 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. ఈ చట్టం గురించి మన పేపర్లలో వచ్చేవన్నీ ఆస్తి వార్తలే. కొడుకు చూడకపోతే రాసిచ్చిన ఇల్లు వెనక్కి తీసుకోవచ్చన్న 23వ సెక్షను అందరికీ తెలుసు. ట్రిబ్యునల్‌కి వెళ్తే నెలకి 10,000 రూపాయల దాకా పోషణ ఇప్పించవచ్చన్నది కొందరికి తెలుసు.

ఎవరికీ పెద్దగా తెలియనిది ఇంకోటుంది. ఈ చట్టం కింద కేంద్రం తయారు చేసి రాష్ట్రాలకి పంపిన నమూనా రూల్స్‌లో పోలీసుల గురించి ఒక రూలు ఉంది. ప్రతి పోలీస్ స్టేషనూ తన పరిధిలో ఉన్న సీనియర్ సిటిజన్ల జాబితా ఎప్పటికప్పుడు సరిచేసి పెట్టుకోవాలి, ముఖ్యంగా ఒంటరిగా ఉండేవాళ్ళది. స్టేషను తరఫున ఒకరు, వీలైతే ఒక సోషల్ వర్కరునో వాలంటీరునో వెంటబెట్టుకుని, కనీసం నెలకోసారి వాళ్ళ ఇంటికి వెళ్ళి చూసి రావాలి. సాయం అడిగితే వీలైనంత త్వరగా వెళ్ళాలి. పెద్దవాళ్ళు అడిగితే ఇంట్లో పనిచేసేవాళ్ళ పూర్వాపరాలు విచారించి పెట్టాలి. చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. మనం లేదు లేదు అనుకుంటున్న హార్ట్‌బీట్‌ని ఎవరో ఢిల్లీలో కూర్చుని ఇంటర్వెల్‌తో సహా రాసి పెట్టారు! నెలకోసారి, లిస్టుతో, ఇద్దరు మనుషులతో.

మన దగ్గర ఉమ్మడి రాష్ట్రంలో ఈ చట్టం కింద రూల్స్ 2011లో వచ్చాయి. నేను పుప్పాలగూడలో ఉంటున్న ఇన్నేళ్ళలో మా టవర్లో నెలకోసారి పోలీసు రావడం చూడలేదు. ఇది పోలీసుల మీద ఫిర్యాదుగా రాయట్లేదు. ఒక ఊరు రాళ్ళ గుట్టలూ పొలాలూ ఉన్న స్థితి నుంచి, చుట్టూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు, ఔటర్ రింగురోడ్డు, ముప్ఫై నలభై అంతస్తుల టవర్ల దాకా ఇరవై ఏళ్ళలో వచ్చేస్తే, ఆ స్టేషనులో ఉన్న మనుషులు ఎన్ని గుమ్మాలెక్కగలరు? ఇంకో చిక్కు కూడా ఉంది. మన మధ్యతరగతి ఇళ్ళల్లో పోలీసు గుమ్మంలోకి వచ్చాడంటే ఎదురు ఫ్లాటు వాళ్ళు తలుపు కొంచెం తీసి "ఏమైందట?" అంటారు. పెద్దాయన ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకోవాల్సి వస్తుందనే "మాకేం అక్కర్లేదు నాయనా" అనేస్తాడు. వచ్చినవాడి చేతిలో పనేమీ లేదు. చూడటమే పనిగా వచ్చాడు. అక్కడ తేడా పడింది.

ఇదే పని వేరే దేశాల్లో ఎలా చేశారో చూస్తే, ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

జపాన్‌లో 1917లో ఒకయామాలో మొదలైన ఒక ఏర్పాటు ఉంది. పేటలో నలుగురికీ తెలిసిన మనిషిని ఒకరిని ఎంచి, పేదవాళ్ళ ఇళ్ళ బాగోగులు చూడమని పెట్టారు. మరుసటి ఏడాది ఒసాకాలో ఇలాంటిదే మొదలైంది. యుద్ధం తర్వాత 1948లో దానికి చట్టం చేశారు. వాళ్ళని మిన్‌సేయి-ఇన్ అంటారు. జీతం లేదు, మూడేళ్ళ పదవి, దేశం మొత్తం మీద రెండు లక్షల పైచిలుకు మంది. ఒంటరి వృద్ధుల ఇళ్ళకి వెళ్ళి చూసి రావడం ఇప్పుడు వాళ్ళ ముఖ్యమైన పనుల్లో ఒకటి. అక్కడ కూడా దీనికి మనుషులు దొరకడం కష్టమవుతోంది, ఉన్నవాళ్ళే పెద్దవాళ్ళైపోతున్నారు.

అదే జపాన్‌లో 1972లో ఇంకో రకంగా మొదలైంది. యాకుల్ట్ సీసాలు ఇంటింటికీ వేసే ఆడవాళ్ళలో ఒకావిడ, ఫుకుషిమా ప్రాంతంలో, ఒంటరి మనిషి ఎవరూ చూడకుండా చనిపోయాడని విని బాధపడి, తన సొంత డబ్బుతో అలాంటివాళ్ళ ఇళ్ళకి యాకుల్ట్ ఇవ్వడం మొదలుపెట్టింది. దాన్ని కంపెనీ, స్థానిక ప్రభుత్వాలు అందుకుని ఒక పద్ధతిగా మార్చాయి. చూడండి, ఇక్కడ చేతిలో ఒక సీసా ఉంది. తలుపు తట్టడానికి సాకు ఉంది. అవతలి మనిషికి "నన్ను చూడ్డానికి వచ్చారు, నేను అంత అధ్వాన్నంగా ఉన్నానా" అన్న చిన్నతనం లేదు.

జపానువాళ్ళు మనలాగే టెక్నాలజీ దారీ పట్టారు. 2001లో జోజిరుషి అనే కంపెనీ ఒక ఎలక్ట్రిక్ కెటిల్ తెచ్చింది. అమ్మ టీ కోసం వేడినీళ్ళు వంచుకుంటే ఆ సంగతి ఊళ్ళో ఉన్న కొడుక్కి ఈమెయిల్లో వెళ్తుంది. అచ్చం మన హార్ట్‌బీటే. నాకు ఈ ఐడియా చాలా నచ్చింది. కెమెరా కాదు, మెళ్ళో కట్టే బిళ్ళ కాదు, టీ తాగితే చాలు. కానీ కెటిల్‌కి తెలిసేది టీ పెట్టుకుందన్నదే. రెండు వారాలుగా టీ తప్ప ఇంకేమీ తీసుకోవట్లేదన్న సంగతి కెటిల్‌కి తెలీదు. వంటింట్లోకి తొంగిచూసిన మనిషికి తెలుస్తుంది.

డెన్మార్క్‌వాళ్ళు దీన్ని ఇంజినీర్లలాగా టెస్టు చేసి చూశారు. కోపెన్‌హాగన్ పక్కన రోడోవ్రె అనే చోట 75 ఏళ్ళు దాటినవాళ్ళని ర్యాండమ్‌గా రెండు గుంపులు చేశారు, ఒక్కోదాంట్లో సుమారు 285 మంది. ఒక గుంపువాళ్ళ ఇళ్ళకి మూణ్ణెల్లకోసారి చొప్పున మూడేళ్ళు వెళ్ళారు. ఇంకో గుంపుని మామూలుగా వదిలేశారు. 1984లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు వేశారు. ఇంటికి వెళ్ళిన గుంపులో ఆసుపత్రి అడ్మిషన్లు 219, వెళ్ళని గుంపులో 271. చనిపోయినవాళ్ళు 56, 75. ఈ అధ్యయనం ప్రభావం చాలా ఉంది. 1996లో డెన్మార్క్ చట్టమే చేసింది, మున్సిపాలిటీలు పెద్దవాళ్ళకి ఏడాదికి రెండుసార్లు ఇంటి సందర్శన ఇవ్వజూపాలని. ఇవ్వజూపాలి అంతే, వద్దంటే వద్దు. తర్వాత ఆ వయసులూ ఆ లెక్కలూ మార్చుకుంటూ వచ్చారు.

ఇక్కడితో ఆపేస్తే కథ చాలా బాగుంటుంది కానీ అది నిజాయితీ కాదు. 2014లో ఇలాంటివి 64 ట్రయల్స్ ఒకచోట చేర్చి లెక్క చూసిన రివ్యూ ఒకటి వచ్చింది. అందులో ఇంటికి వెళ్ళి చూసి రావడం వల్ల మరణాలు తగ్గుతాయని గట్టిగా చెప్పలేమని తేలింది. ఒక్కో చోట ఒక్కో రకంగా చేశారు, ఎవరు వెళ్ళారు, వెళ్ళి ఏం చేశారు అన్నదే సరిగ్గా రాయలేదు చాలా వాటిల్లో. కాబట్టి "నెలకోసారి బెల్లు కొడితే ఆయుష్షు పెరుగుతుంది" అని నేను చెప్పను. నేను చెప్పేది వేరు. కిందపడిన మనిషి రెండు గంటల్లో కనిపించడానికీ రెండు రోజుల తర్వాత కనిపించడానికీ ఉన్న తేడాని ఆ లెక్కల్లోంచి చూడక్కర్లేదు.

ఆ తేడా ఫ్రాన్స్‌కి 2003 ఆగస్టులో తెలిసింది. వడగాడ్పులకి దాదాపు 15,000 మంది చనిపోయారు, ఎక్కువమంది పెద్దవాళ్ళు, చాలామంది ఒంటరివాళ్ళు. పిల్లలు సెలవులకి ఊళ్ళెళ్ళారు, డాక్టర్లూ సెలవుల్లో ఉన్నారు. 2004లో చట్టం చేసి, ఎండలప్పుడు కనుక్కోవాల్సిన ఒంటరి వృద్ధుల రిజిస్టరు ప్రతి ఊళ్ళోనూ మేయరు దగ్గర ఉండాలన్నారు. 2017లో ఫ్రెంచి పోస్టాఫీసు, డబ్బు కడితే పోస్ట్‌మాన్ వారానికి ఇన్నిసార్లని వెళ్ళి మీ అమ్మానాన్నల్ని చూసి వస్తాడని ఒక సర్వీసు మొదలుపెట్టింది. జపాన్ పోస్టాఫీసు కూడా 2013లో కొన్ని చోట్ల మొదలుపెట్టి 2017కి దేశమంతా ఇలాంటిదే తెచ్చింది. ఉత్తరాలు తగ్గిపోయిన పోస్టాఫీసులకి ఇదొక కొత్త ఆదాయం. మనీఆర్డరుతో పాటు మనకి ఉచితంగా వచ్చిన దాన్ని వాళ్ళిప్పుడు విడిగా అమ్ముతున్నారన్నమాట!

ఇప్పుడు మన ఇంటికొద్దాం. నా లెక్కలో ప్రపంచంలోనే పెద్దదైన ఇంటి సందర్శన కార్యక్రమం ఒకటి మన తెలుగువాళ్ళ మధ్యే జరుగుతోంది, కానీ మనం దాన్ని ఆ పేరుతో పిలవట్లేదు. ఆంధ్రప్రదేశ్ పింఛన్లు. 2019 ఆగస్టు 15న గ్రామ వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది, ఊళ్ళల్లో సుమారు 50 ఇళ్ళకి ఒకరు. 2020 ఫిబ్రవరి 1 నుంచి పింఛను డబ్బు ఇంటి గుమ్మం దగ్గరే ఇవ్వడం మొదలుపెట్టారు. రాజకీయంగా ఎవరికి ఏ అభిప్రాయం ఉన్నా సరే, ఒక్కసారి దాన్ని పక్కన పెట్టి చూడండి. ప్రతి నెలా ఒకటో తారీఖున తెలిసిన మనిషి వచ్చి, పేరు పెట్టి పిలిచి, వేలిముద్ర తీసుకుని డబ్బిస్తున్నాడు. 1880 నాటి మనీఆర్డరు డిజైను యథాతథంగా తిరిగొచ్చింది!

అది ఎంత ముఖ్యమో ఆగినప్పుడు తెలిసింది. 2024 మార్చి 30న ఎన్నికల కమిషన్ వాలంటీర్ల చేత డబ్బు పంపిణీ చేయించొద్దని చెప్పింది. ఎన్నికల వేళ దానికి కారణాలున్నాయి. వాలంటీర్లు ఇళ్ళ వివరాలు సేకరించడం మీద అప్పటికే పెద్ద గొడవ నడిచింది. ఏప్రిల్లో పింఛన్ల కోసం పెద్దవాళ్ళు ఎండలో సచివాలయాలకి వెళ్ళాల్సి వచ్చింది. మంచాల మీద మోసుకెళ్ళిన ఫొటోలు పేపర్లలో వచ్చాయి, వడదెబ్బకి చనిపోయారన్న వార్తలొచ్చాయి, పార్టీలు ఒకరినొకరు తిట్టుకున్నాయి. మే నెలలో చాలామందికి బ్యాంకు ఖాతాల్లో వేస్తే బ్యాంకుల ముందు వరసలు కట్టారు. మన ఐటీ బుర్రకి "డబ్బు నేరుగా ఖాతాలో పడింది కదా, ఇంకేం కావాలి" అనిపిస్తుంది. ఎనభై ఏళ్ళ మనిషికి ఖాతాలో పడటం అంటే ఇంకా డబ్బు అందనట్టే లెక్క.

2024 జూలై 1న కొత్త ప్రభుత్వం వచ్చాక పెనుమాకలో ముఖ్యమంత్రే వెళ్ళి మొదటి పింఛను ఇచ్చారు. వాలంటీర్లు లేకుండా సచివాలయ ఉద్యోగుల చేతే ఇంటి దగ్గర ఇప్పించారు, అప్పటికి 65 లక్షల మందికి. నాకు ఇందులో కనిపించిన ముఖ్యమైన సంగతి ఇది. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, తెచ్చే మనుషులు మారారు. గుమ్మం మాత్రం మారలేదు. ఒకసారి ఇంటికి మనిషి రావడం అలవాటైన పెద్దవాళ్ళ దగ్గర నుంచి దాన్ని తీసెయ్యడం ఏ పార్టీకీ కుదరలేదు. తెలంగాణలో 2014 నవంబరులో మొదలైన ఆసరా పింఛన్లు ఊళ్ళల్లో పోస్టాఫీసుల ద్వారా, నగరంలో బ్యాంకు ఖాతాల ద్వారా ఇస్తూ వచ్చారు. మన వైపు గుమ్మం దాకా రావడం అనేది అలవాటుగా మారలేదు.

పైగా పుప్పాలగూడలో నేను చెప్తున్న పెద్దవాళ్ళు ఆ పింఛన్ల లిస్టులో ఉండరు. వీళ్ళు రిటైరైన టీచర్లు, బ్యాంకు మేనేజర్లు, ఇంజినీర్లు. డబ్బుంది, ఇన్సూరెన్సుంది, కొడుకు డల్లాస్‌లోనో కూతురు సిడ్నీలోనో ఉంది. ప్రభుత్వానికి వీళ్ళు కనపడరు, ఎందుకంటే పేదవాళ్ళు కాదు. పక్కింటివాళ్ళకి కనపడరు, ఎందుకంటే మూడంచెల సెక్యూరిటీ దాటి, యాప్‌లో అప్రూవల్ తీసుకుని గానీ ఎవరూ పైకి రాలేరు. దొంగల్ని ఆపడానికి కట్టిన గోడ పరామర్శని కూడా ఆపేసింది. ప్రభుత్వం వీళ్ళని అడిగేది ఏడాదికి ఒక్కసారే, నవంబరులో, "బతికే ఉన్నారా?" అని. అదే లైఫ్ సర్టిఫికెట్టు. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ పేరుతో అది కూడా డిజిటల్ అయింది. హార్ట్‌బీట్ ఇంటర్వెల్ 365 రోజులు. అది కూడా పింఛను ఆపడానికి, మనిషిని కాపాడటానికి కాదు.

మా పక్క టవర్లో ఒకావిడ బాత్రూంలో పడి తుంటి విరిగితే, సంగతి తెలిసింది పనమ్మాయి వల్ల. రోజూ ఎనిమిదింటికి వస్తుంది, బెల్లు కొడితే తలుపు తియ్యలేదు, సంచిలో పాల ప్యాకెట్లు అలాగే ఉన్నాయి. అసోసియేషన్‌వాళ్ళని పిలిచింది. వాట్సాప్‌లో మూడు గ్రూపులు, ఫోన్లో రెండు ఎమర్జెన్సీ యాప్‌లు ఉన్నాయి ఆవిడకి. ఆ ఫోను హాల్లో ఛార్జింగ్‌లో ఉంది. తర్వాత చూడ్డానికి వెళ్తే ఆవిడే చెప్పింది, "అబ్బాయి రోజూ ఫోన్ చేస్తాడు బాబూ. ఎలా ఉన్నావమ్మా అంటాడు, బాగున్నాను నాన్నా అంటాను. అంత దూరం నుంచి అడుగుతుంటే ఇంకేం చెప్తాను?" నిజమే. ఆ ప్రశ్నకి ఎప్పుడూ ఆ జవాబే వస్తుంది. అది సర్వరు లోడు ఎంతున్నా "200 ఓకే" అని పంపే రెస్పాన్సు లాంటిది.

దీనికి మార్కెట్టు తన జవాబు తను ఇస్తోంది. ఎన్నారై పిల్లల తరఫున కేర్ మేనేజర్ని ఇంటికి పంపే కంపెనీలు వచ్చాయి, హైదరాబాదులో 2016లో మొదలైన అన్వయ లాంటివి. కట్టగలిగినవాళ్ళు కట్టుకోవచ్చు, తప్పేం లేదు. ఇంకోవైపు ఎల్డర్ లైన్ 14567 ఉంది. ఇది అసలు టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఫౌండేషన్ కలిసి హైదరాబాదులోనే మొదలుపెట్టినది. 2021లో కేంద్రం దాన్ని దేశమంతా తీసుకెళ్ళింది. మనవాళ్ళు గర్వపడాల్సిన సంగతి. మీ అమ్మానాన్నల ఫోన్లో ఆ నంబరు వేసి పెట్టండి. కానీ అది వాళ్ళు చేస్తేనే పలుకుతుంది. చెయ్యలేని స్థితిలో ఉన్నవాళ్ళకి, చెయ్యడం నామోషీ అనుకునేవాళ్ళకి, ఇటు నుంచి ఒకరు వెళ్ళాల్సిందే.

అందుకే నా ప్రతిపాదన చాలా చిన్నది, చరిత్రలోంచి ఎత్తుకొచ్చింది. అపార్టుమెంటు అసోసియేషన్లే దీన్ని చెయ్యాలి, "పని" కల్పించి చెయ్యాలి.

ఒకటి, జాబితా. ఇష్టమైనవాళ్ళ పేర్లే రాయాలి, డెన్మార్క్‌లోలాగా వద్దంటే వదిలెయ్యాలి. పేరు, ఫ్లాటు, పిల్లల నంబరు, దగ్గర్లో ఉన్న ఇంకొకరి నంబరు, స్పేర్ తాళం ఎవరి దగ్గరుంది. ఇంతే. జబ్బుల లిస్టులూ ఆధార్ నంబర్లూ వద్దు. ఈ జాబితా కాపీ ఒకటి, వాళ్ళ అనుమతితో, పోలీస్ స్టేషనులో ఇవ్వొచ్చు. వాళ్ళకి ఆ రూలుంది కదా, జాబితా మనం తయారు చేసిస్తే సగం పని అయిపోతుంది.

రెండు, సాకు. ఒట్టి చేతుల్తో వెళ్ళొద్దు. నెలకోసారి బీపీ చూసే మెషీను పట్టుకెళ్ళండి, మెయింటెనెన్స్ రసీదు కాగితం మీద ప్రింటు తీసి ఇవ్వండి, మందుల డబ్బాలో వారానికి సరిపడా సర్ది రండి, ఫోన్లో అప్‌డేట్లు చేసిపెట్టండి. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు కోసం పోస్ట్‌మాన్‌ని ఇంటికే పిలిపించొచ్చు, 2020 నుంచి ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఆ సర్వీసు ఇస్తోంది. పాత పోస్ట్‌మాన్ కొత్త మెషీనుతో తిరిగి గుమ్మంలోకి వచ్చాడన్నమాట.

మూడు, అదే మనిషి, అదే రోజు. ప్రతి నెలా కొత్త మొహం వెళ్తే అది సర్వే అవుతుంది. అదే మనిషి వెళ్తేనే "పోయిన నెల కంటే చిక్కారు" అన్నది తెలుస్తుంది. మన భాషలో బేస్‌లైను లేకుండా అనామలీ దొరకదు.

నాలుగు, తలుపు తియ్యకపోతే ఏం చెయ్యాలో ముందే రాసి పెట్టుకోవాలి. ఎవరికి ఫోను, ఎంతసేపు ఆగాలి, తాళం ఎవరు తియ్యాలి, పక్కన ఎవరుండాలి. అలారం మోగాక రన్‌బుక్ వెతుక్కోవడం ఎంత కష్టమో మనకి చెప్పక్కర్లేదు.

దీనికి ఎంత టైము పడుతుందో లెక్క వేశాను. మాలాంటి కాంప్లెక్సులో ఇలాంటి ఇళ్ళు ఒక 40 ఉన్నాయనుకుందాం. ఒక్కో ఇంటికి 20 నిమిషాలు. మొత్తం 800 నిమిషాలు. ఇరవైమంది కలిసి ఇద్దరిద్దరు చొప్పున వెళ్తే ఒక్కొక్కరికి నెలకి నాలుగిళ్ళు, 80 నిమిషాలు. మనం వారంలో రెండు స్టేటస్ మీటింగుల్లో పోగొట్టే టైము అది.

ఇందులో అభ్యంతరాలు లేకపోలేదు. వాలంటీరు పేరుతో దొంగ రావచ్చు, అందుకే ఇద్దరు వెళ్ళాలి, పిల్లలకి ముందే చెప్పాలి. "మా పెద్దవాళ్ళ విషయం మీకెందుకు" అని ఏ కొడుకైనా మెయిలు పెట్టొచ్చు. పెట్టనివ్వండి, ఆ పెద్దాయన ఊ అంటే చాలు, కొడుకు పర్మిషను అక్కర్లేదు. పెద్దవాళ్ళు స్వతంత్రంగా ఉండాలనుకుంటున్నారు, వాళ్ళని వాళ్ళలా ఉండనివ్వాలి అన్నది అన్నిటికంటే బరువైన అభ్యంతరం. నేనూ అదే అంటున్నాను. విడిగా ఉండాలనుకునే మనిషికి ఆ ధైర్యం రావాలంటే, తలుపు తియ్యకపోతే ఎవరో ఒకరు గమనిస్తారన్న భరోసా ఉండాలి. అది లేకపోతే భయపడి, ఇష్టం లేకపోయినా డల్లాస్ వెళ్ళి బేస్‌మెంటులో కూర్చోవాల్సి వస్తుంది.

మా అసోసియేషన్ మీటింగులో ఈ విషయం అజెండాలో పెట్టించాను, జిమ్ ఏసీ తర్వాత, పార్కింగు తర్వాత, ఏడో ఐటమ్‌గా. ఏడో ఐటమ్ దాకా మీటింగు ఎప్పుడూ రాదని తెలిసినవాళ్ళు నవ్వుకోవచ్చు. అందుకని మీటింగు కోసం ఆగకుండా మా ఫ్లోరులో ఉన్న రెండిళ్ళకి బీపీ మెషీను పట్టుకుని వెళ్తున్నాను. మీ టవర్లో ఇలాంటిదేమైనా నడుస్తోందా? నడుస్తుంటే ఎలా నడుపుతున్నారు, ఎక్కడ చెడింది, చెప్పండి. ముఖ్యంగా చెడిన సంగతులు చెప్పండి, వాటితోనే ఎక్కువ పని ఉంటుంది.